మూడున్నర వేల మాటలు బట్టీ పట్టబోయే ముందు

బుజ్జీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. జీఆర్ఈకి డేట్ బుక్ చేశావంట, పొద్దున్నే ఐదింటికి లేచి వర్డ్ లిస్ట్ ముందేసుకుని రోజుకి వంద మాటలు బట్టీ కొడుతున్నావంట, నాలుగో రోజుకల్లా మొదటి రోజువి ఎగిరిపోయాయని అన్నం కూడా తినకుండా కూర్చున్నావంట. మీ నాన్న మాటల్లో సగం తీసేసినా మిగిలిన సగం చాలు నాకు. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పినవాణ్ణి, ఈ బట్టీ రోగం ఎంతమందిలో చూశానో లెక్కలేదు. నువ్వు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేక రాస్తున్నా, పెద్దదైపోతుంది, బస్సులో కూర్చున్నప్పుడు నింపాదిగా చదువుకో.

ముందు ఒకటి అడుగుతా. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం. ఈ మాటలు నీకు లిస్టు ఇచ్చి ఎవరైనా నేర్పారా? అన్నిట్లో ఉన్నది ఒకటే హారం, హృ అనే ధాతువు, తీసుకుపోవడం అని దాని అర్థం, దానికి ముందు చిన్న చిన్న ముక్కలు తగిలేసరికి ఒకటి తిండి అయింది, ఒకటి షికారు అయింది, ఒకటి చంపడం అయింది, ఇంకోటి రోడ్డు కింద పొలం పోతే గవర్నమెంటు ఇచ్చే డబ్బు అయింది. ఉపసర్గ ధాతువుని మెడ పట్టుకుని ఎటు కావాలంటే అటు ఈడ్చుకుపోతుందిరా అనేవారు మా సంస్కృతం మేష్టారు. ఇంగ్లీష్‌లో నిన్ను భయపెడుతున్న పెద్ద మాటలన్నీ దాదాపు ఇదే పద్ధతి.

ఎందుకలా అంటే మనింట్లో పెళ్ళికార్డు తీసి చూడు. ఇంట్లో పెళ్ళి అంటాం, కార్డు మీద వివాహ మహోత్సవం అని వేయిస్తాం. ఉండేది ఇల్లు, కార్డులో మాత్రం స్వగృహం. ఇంటి మాట వేరు, కార్డు మాట వేరు. ఇంగ్లీషోళ్ళకీ అదే జరిగింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కోర్టులూ దర్బారూ ఫ్రెంచ్‌లోకి పోయాయి, చర్చీ చదువూ ఎటూ లాటిన్‌లోనే ఉండేవి, రైతు మాత్రం తన పాత ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకున్నాడు. అందుకే అడగడానికి వాళ్ళకి ఆస్క్ ఉంది, క్వశ్చన్ ఉంది, ఇంటరాగేట్ ఉంది. మొదటిది ఇంటి మాట, రెండోది ఫ్రెంచ్ వాకిట్లోంచి వచ్చింది, మూడోది నేరుగా లాటిన్. జీఆర్ఈ వాడు అడిగేది ఎక్కువగా కార్డు మాటలే, వాటిని విప్పితే లోపల లాటినో గ్రీకో ఉంటుంది.

ఇంకో సంగతి వింటే నీకు కొంచెం ధైర్యం వస్తుంది. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జిగారు, సంస్కృతం నేర్చుకుంటూ ఉన్నాయన, సంస్కృతమూ గ్రీకూ లాటినూ ఒకే మూలంలోంచి పుట్టి ఉంటాయని సభలో చెప్పాడు. మన తెలుగులో సంస్కృతం మాటలు కుప్పలుగా ఉన్నాయి కదా, అంటే నువ్వు లాటిన్ ఒక్క ముక్క చదవకపోయినా దాని చుట్టాలు మీ ఇంట్లోనే తిరుగుతున్నాయి. దంతం తెలిస్తే డెంటిస్ట్ తెలిసినట్టే. నామంలోంచి నామినేట్ దూరం కాదు. అగ్నిని మీ నాన్న రోజూ బండి ఇగ్నిషన్‌లో తాళం పెట్టి తిప్పుతున్నాడు. మృత్యువులో ఉన్నదే మోర్టల్‌లో ఉంది, దానికి ముందు కాదనే ముక్క పెడితే వాళ్ళకి ఇమ్మోర్టల్ అయింది, మనకి అమృతం అయింది. మీ అమ్మ థైరాయిడ్ రిపోర్ట్‌లో హైపో అని రాసుంది కదా, ఆ హైపో మన ఉప, హైపర్ ఏమో ఉపరి, ఉపరితలంలో ఉండే ఉపరి. కింద, పైన. ఇక జన్మలో ఆ రెండూ తికమక పడవు.

కానీ తెలుగు మాటలన్నీ ఇలా కలుస్తాయని మొదలుపెట్టకు, అచ్చతెలుగు మాటలకి ఆ చుట్టరికం లేదు. 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని రాశాడు. నీరు, కన్ను, చెయ్యి, వీటికి లాటిన్‌లో జోడీ వెతికితే వాట్సాప్ మేధావివి అయిపోతావు. మన దగ్గర్నుంచి వాళ్ళు పట్టుకుపోయినవి వేరే ఉన్నాయిలే, బ్యాండికూట్ అంటే మన పందికొక్కే.

సరే, ధాతువుకొక పేజీ పెట్టి నోట్‌బుక్ రాసుకోవాలి నువ్వు, ఒక పేజీ ఎలా రాయాలో చూపిస్తా. ఫెర్ అనే లాటిన్ ధాతువు తీసుకో. మోయడం, తేవడం. సంస్కృతంలో దీని చుట్టం భృ, మన భారం, భరించడం, భర్త. ట్రాన్స్‌ఫర్ అంటే అవతలికి మోసుకెళ్ళడం. డిఫర్ అంటే తలోవైపుకి పట్టుకుపోవడం, అందుకే వేరుగా ఉండటం. ఇన్‌ఫర్ అంటే ఉన్నదాంట్లోంచి ఒక విషయం లోపలికి తెచ్చుకోవడం. వొసిఫెరస్ అని ఉంటుంది నీ లిస్టులో వి దగ్గర, వోక్స్ అంటే గొంతు, వాక్కుకి చుట్టం, గొంతు మోసుకొచ్చేవాడు, అంటే అరిచి గోల చేసేవాడు. ప్రొలిఫరేట్‌లో ప్రోలెస్ అంటే సంతానం, పిల్లల్ని మోసుకొచ్చినట్టు పెరిగిపోవడం. ఇక నాకు బాగా ఇష్టమైంది సఫర్. సబ్ అంటే కింద, కింద ఉండి మోయడం. మన భరించడం అచ్చం అదే ధాతువు అదే అర్థం, ఎక్కడి లాటిన్ ఎక్కడి తెలుగు చూడు. ఇది మీ పెద్దమ్మకి చెప్తే భర్త అన్నా సఫరింగ్ అన్నా ఒకటేనని నాకు 1984లోనే తెలుసు, దానికి లాటిన్ ఎందుకు అంది.

సబ్ కాస్తా సఫ్ ఎట్లా అయింది అంటావేమో, సంధి. జగత్ పక్కన నాథుడు వచ్చేసరికి జగన్నాథుడు కాలా, అదే. ఇన్ అనేది ఇమ్, ఇల్, ఇర్ అవుతుంది, కాన్ అనేది కామ్, కాల్, కార్ అవుతుంది, యాడ్ అయితే పక్క అక్షరం ఏదుంటే దాని వేషం వేసేస్తుంది. మాట మొదట్లో ఒకే అక్షరం రెండుసార్లు కనపడిందంటే అక్కడ సంధి జరిగిందేమో చూడు, తొంభై పాళ్ళు అదే.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. గ్రెగ్ అని ఒక ధాతువు, మంద. గొర్రెల మంద. మందలో కలిసి ఉండటం ఇష్టపడేవాడు గ్రిగేరియస్. మంద పోగైతే కాంగ్రిగేషన్. మందలోంచి విడదీస్తే సెగ్రిగేషన్, మున్సిపాలిటీ బండివాడు తడిచెత్త పొడిచెత్త అని అరుస్తాడే అది. మందలోకి చేర్చి లెక్కేస్తే అగ్రిగేట్, నీ బీటెక్ మార్కుల్లో ఉన్న అగ్రిగేట్ అదే, నీ ఎనిమిది సెమిస్టర్ల గొర్రెలన్నీ ఒక దొడ్లో. ఇక మందలోంచి బయటికొచ్చి విడిగా కనపడేది ఎగ్రీజియస్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఒక పాత డిక్షనరీ కొన్నా, దాంట్లో ఈ మాటకి మొదటి అర్థం విశిష్టమైన అని ఉంది. మా ప్రిన్సిపాల్ గారి రిటైర్మెంట్‌కి ఇంగ్లీష్ సన్మానపత్రం నన్ను రాయమన్నారు. ధాతువు తెలిసిన పొగరు కదా, యువర్ ఎగ్రీజియస్ సర్వీస్ టు దిస్ ఇన్‌స్టిట్యూషన్ అని రాసి, ఫ్రేము కట్టించి, స్టేజీ మీద నేనే గొంతెత్తి చదివా. ముందు వరసలో హిస్టరీ సారొకాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు అనుకున్నా. సభ అయ్యాక పక్కకి పిలిచి, బాబూ, ఆ మాటకి ఇప్పుడు సిగ్గుమాలినంత ఘోరమైన అని అర్థం, ఆయన చేసింది నిజమేననుకో, కానీ ఫ్రేము కట్టి ఇస్తామా అన్నాడు.

తప్పు ధాతువుది కాదు. నాలుగొందల ఏళ్ళ కింద ఇంగ్లీష్‌లో ఆ మాట పొగడ్తే, ఎవరో వెటకారంగా వాడటం మొదలెట్టారు, వెటకారమే మిగిలింది. ఇటాలియన్లు ఇప్పటికీ ఉత్తరాల్లో ఎదుటివాణ్ణి మర్యాదగా ఎగ్రేజియో అంటారు. మన వెధవ చూడు, విధవలోంచి వచ్చి ఎక్కడికి పోయిందో. ధాతువు నీకు మాట పుట్టిన ఊరు చెప్తుంది, అది ఇప్పుడెక్కడ కాపురం ఉంటుందో వాక్యం చెప్పాలి. అందులోనూ నీ పరీక్ష ఇప్పుడు అంతా వాక్యమే. 2011 ఆగస్టు దాకా ఆంటనిమ్స్, ఎనాలజీలు ఉండేవి, మాటకి అర్థం ముక్క గుర్తుంటే గట్టెక్కేవాళ్ళు. అవి తీసేశారు, ఇప్పుడు ఖాళీలు పూరించడం, పాసేజీలు, వెర్బల్ భాగం వరకు 41 నిమిషాల్లో 27 ప్రశ్నలు.

వేషాలేసే ధాతువులు కూడా ఉంటాయి. పెడ్ అంటే పాదం, అది నిజమే, పెడల్, పెడెస్ట్రియన్. ఇంపీడ్ అంటే కాళ్ళకి బంధం వేయడం, ఎక్స్‌పెడైట్ అంటే ఆ బంధం విప్పి పంపించడం. అలాగని పీడియాట్రీషియన్ కాళ్ళ డాక్టర్ కాదు, అది గ్రీకు పెడ్, పిల్లవాడు అని అర్థం. అమెరికా స్పెల్లింగ్‌లో 'ఏ' (a) అనే అక్షరం మింగేశారు కాబట్టి ఒకలా కనిపిస్తాయి. ఇన్ కూడా అంతే, ప్రతిసారీ దానికి 'కాదు' అనే అర్థం ఉండదు. పెట్రోల్ ట్యాంకర్ వెనకాల హైలీ ఇన్‌ఫ్లేమబుల్ అని రాసుంటుంది, మంటలోకి వెళ్ళేది అని దాని అర్థం, మంట అంటుకోనిది అనుకుని దాని పక్కన బీడీ వెలిగించకు.

కొన్ని మాటలకి అసలు ధాతువు వెతకొద్దు, కథే ఉంటుంది. మావెరిక్ అనేది టెక్సాస్‌లో శామ్యూల్ మావెరిక్ అనే ఆయన ఇంటిపేరు, తన పశువులకి వాత వేయించలేదు, వాత లేని పశువు మావెరిక్ అయింది, తర్వాత ఎవరి మాటా వినని మనిషి అయ్యాడు. జగ్గర్‌నాట్ అంటే అడ్డొచ్చింది తొక్కుకుంటూ పోయేది, ఇందాక సంధి విడగొట్టిన పూరీ జగన్నాథుడే, ఆయన రథం.

చేయాల్సింది చెప్తా. లిస్టు పారెయ్యక్కర్లేదు, అలమరలో పెట్టు. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొను. పేజీకి ఒక ధాతువు, పైన మూల దాని తెలుగు చుట్టం ఉంటే రాసుకో, లేకపోతే ఖాళీ వదిలెయ్, బలవంతంగా చుట్టరికం కలపొద్దు. వారానికి మూడు పేజీలు చాలు, నాలుగు నెలల్లో యాభై దగ్గరికి వస్తావు. రోజూ ఇంగ్లీష్ పేపర్లో ఒక ఎడిటోరియల్ చదువు, తెలియని మాట తగిలితే ముందు విరగ్గొట్టి నీ ఊహ పెన్సిల్‌తో రాయి, తర్వాతే డిక్షనరీ తెరువు, ఊహ తప్పయితే చెరపకు, పక్కన పెన్నుతో అసలు అర్థం రాయి. నా అనుభవంలో ఆ తప్పులే ఎక్కువ కాలం గుర్తుంటాయి, ఎగ్రీజియస్ నేను ఇన్నేళ్ళయినా మర్చిపోయానా? మాట కింద అది కనపడిన వాక్యం మొత్తం దించుకో, సొంత వాక్యాలు ఇప్పుడే వద్దు. ఫోన్లో ఫ్లాష్ కార్డుల యాప్ వాడతానంటే వాడు, నాకు వాటి మీద కోపం లేదు, కానీ చేత్తో రాసిన పేజీ తర్వాతే. క్విబుల్ లాంటి విరగని మాటలు వస్తాయి, వాటికి బట్టీ తప్పదు, అవి మాత్రం నీ పాత పద్ధతిలోనే కానిచ్చెయ్.

ఆదివారం పదింటికి కాల్ చేస్తా. ఈలోపు విద్ పేజీ రాసి ఫొటో పెట్టు, వేదం, విద్య, విద్వాంసుడు నేనే ఇచ్చేస్తున్నా, వీడియో, ఎవిడెన్స్ కూడా ఇచ్చేస్తున్నా. ఇన్‌విడియస్ మాత్రం నువ్వే విప్పు, చూపుకీ అసూయకీ సంబంధం ఏంటో మీ నాయనమ్మని అడుగు, దిష్టి తీసేటప్పుడు.

మీ పెదనాన్న