ఒక కుటుంబం కష్టాల మీద డాక్యుమెంటరీ తీయడానికి ఏళ్లకు ఏళ్లు ఎందుకు పడుతుంది?

ముగింపు దర్శకుడి చేతిలో ఉండదు కాబట్టి. కథా చిత్రానికి ముందు స్క్రిప్టు రాసుకుని తర్వాత తీస్తారు. ఇక్కడ జరిగేది జరిగినట్టు తీసి, కథను ఎడిటింగ్ గదిలో వెతుక్కుంటారు. జబ్బు నయమవుతుందా, విడిపోయినవాళ్లు మళ్లీ కలుస్తారా అన్నది కాలమే తేల్చాలి. ఇంకో కారణం నమ్మకం. కెమెరా పెట్టగానే ఎవరైనా సర్దుకుని కూర్చుంటారు, ఆచితూచి మాట్లాడతారు. నెలలు గడిస్తే గానీ కోపం, ఏడుపు, అలసట దాచుకోకుండా ఉండలేరు. నన్నడిగితే ఇలాంటి చిత్రాల బలమంతా ఈ ఓపికలోనే ఉంది.

1994లో వచ్చిన 'హూప్ డ్రీమ్స్' సంగతే చూడండి. షికాగోలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కావాలని కలలుగన్న ఇద్దరు కుర్రాళ్ల మీద అది మొదట అరగంట చిత్రంగా అనుకున్నది. షూటింగ్ దాదాపు 5 ఏళ్లు సాగింది. పోగైన సుమారు 250 గంటల ఫుటేజీలోంచి చివరికి మిగిలింది 3 గంటల లోపే. ఒకరి మోకాలికి గాయం, ఇంకొకరి ఇంట్లో బిల్లు కట్టలేక కరెంటు పోవడం: ఇవేవీ ముందుగా రాసుకున్నవి కావు.

ఏళ్ల తరబడి తీశారంటే కెమెరా రోజూ ఆ ఇంట్లోనే తిరిగిందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా ఉండదు. ఆపరేషన్, పరీక్షా ఫలితాలు, కోర్టు వాయిదా లాంటి రోజులకు వెళ్తారు, మధ్యలో ఫోన్లో మంచిచెడ్డలు కనుక్కుంటారు. చేతిలో డబ్బు అయిపోయి షూటింగ్ నెలల పాటు ఆగిపోవడమూ మామూలే.