ప్రధాన సంఖ్యలతో గదిలో ఒంటరిగా కూర్చోకు

తమ్ముడూ, సంఖ్యా సిద్ధాంతంలో పీహెచ్‌డీకి హనుమకొండ నుంచి అమెరికా వస్తున్నావంటే ఎంత సంతోషమో! వీసా, బీమా సంగతులు విశ్వవిద్యాలయం పంపే కాగితాల్లోనే ఉంటాయి, ఓపికగా చదువుకో. వేసవి నెలల జీతం గురించి మాత్రం ముందే అడుగు. డబ్బుకు ఎలాగో సర్దుకుంటావు. నా దిగులంతా నువ్వు ఉత్తరం చివర్లో రాసిన మాట గురించే: "ఎవరితోనూ కలవకుండా ఐదేళ్లూ లెక్కలే చేసుకుంటాను."

నీ వయసులో అందరికీ అలాగే అనిపిస్తుంది. మన హనుమకొండ సుబేదారిలోనే చదువుకుని నేనూ అదే పట్టుదలతో వచ్చాను. మొదటి చలికాలమంతా గదిలోనే ఉన్నాను. పి అనే ప్రధాన సంఖ్య తీసుకుని, దాని వర్గమూలం కన్నా చిన్న వ్యవధిలో క్యారెక్టర్ సమ్‌కు (ఒక్కో సంఖ్యకు పిని బట్టి ఒక విలువ ఇచ్చి, వాటిని కూడితే వచ్చే మొత్తానికి) హద్దు కట్టాలని కాగితాలు నింపాను. ఆ మొత్తాలకు హద్దు చెప్పే 1918 నాటి పోల్యా-వినోగ్రాదోవ్ అసమానత అంత చిన్న వ్యవధిలో పనికిరాదు కదా, కొత్త దారి నేనే వేస్తాననుకున్నాను. మా శాఖలో రోజూ టీ వేళకు అందరూ నల్లబల్ల చుట్టూ చేరేవారు. నా ఇంగ్లిషుకు జంకి అటు వెళ్లేదాన్ని కాదు. చివరికి ఒకరోజు ధైర్యం చేసి నా లెక్క బల్ల మీద వేస్తే, ఒక పెద్దాయన సుద్దముక్క అందుకుని పక్కనే "బర్జెస్, 1962" అని రాశారు. పి నాలుగో మూలం కన్నా కాస్త పెద్ద వ్యవధుల దాకా బర్జెస్ అనే గణితవేత్త ఆ హద్దు ఎప్పుడో కట్టేశాడు! రెండు నిమిషాల ఆ మాట ముందే చెవిన పడక చలికాలం గడిచిపోయింది. తిండి తగ్గింది. అమ్మ ఫోన్ చేస్తే బాగున్నానని అబద్ధం చెప్పేదాన్ని. ఆ తరువాత టీ వేళ ఏనాడూ తప్పలేదు. ఈనాడు నాకు శాశ్వత ఉద్యోగం ఉంది, నా దగ్గర విద్యార్థులున్నారు.

ఒంటరి కృషికి గణితవేత్త యిటాంగ్ ఝాంగ్‌ను ఉదాహరణగా చూపావు. నిజమే, ఏళ్ల తరబడి ఒంటరిగా శ్రమించి, 7 కోట్ల కన్నా తక్కువ తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతమని 2013లో ఆయన నిరూపించారు. తరువాతి కథ కూడా చదువు. గణితవేత్త టెరెన్స్ టావ్ మొదలుపెట్టిన, చాలామంది కలిసి పనిచేసే పాలీమ్యాథ్ బృందం కొన్ని నెలల్లోనే ఆ తేడాను 4,680కి దించింది. జేమ్స్ మేనార్డ్ అనే మరో గణితవేత్త వేరే దారిలో 600కు తెచ్చారు. ఆ దారినే పట్టుకుని బృందం 2014లో 246కు చేర్చింది.

ఇంకో సంగతి. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కావాలంటే నీ పని తెలిసిన ముగ్గురు, నలుగురు సిఫారసు లేఖలు రాయాలి. గది దాటనివాడికి గైడు తప్ప ఎవరు రాస్తారు? పోస్ట్‌డాక్ కూడా రెండు మూడేళ్లే, మళ్లీ కొత్త ఊరు, కొత్త మనుషులు. అందుకే మొదటి వారం నుంచే సెమినారుకు వెళ్లు, అర్థం కాకపోయినా కూర్చో. ఇల్లు ఇంకొకరితో కలిసి తీసుకో, ఒక పూటైనా కలిసి వండుకోండి. దిగగానే నాకు ఫోన్ చెయ్యి.