ఆధార్ కాదు, టెన్త్ మెమో చూపించండి

బైక్ దొంగతనం కేసులో మీ అక్కగారబ్బాయిని బెంగళూరు మారతహళ్లిలో పోలీసులు పట్టుకున్నారనీ, ఆధార్ ప్రకారం 18 దాటింది కాబట్టి పెద్దవాళ్ల కోర్టుకే పంపుతామంటున్నారనీ రాశారు. దీన్ని ఇక్కడే ఆపాలండీ.

వయసు తేల్చడానికి ఆధార్ చాలదు. 18 నిండనివాళ్ల కేసులకు వర్తించే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ఒక వరస పెట్టింది. ముందు స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతేనే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అనంతపురంలో చదివాడన్నారు కదా, ఒరిజినల్ మెమో ఈ రాత్రి బస్సుకే తెప్పించండి. లెక్కలోకొచ్చేది నేరం జరిగిన రోజున ఉన్న వయసు, పట్టుకున్న రోజుది కాదు. మేజిస్ట్రేటు ముందు పెట్టేసినా 9వ సెక్షన్ కింద మైనర్‌గా తేల్చమని ఏ దశలోనైనా అడగవచ్చు. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, మెమో జిరాక్స్ జతచేసి అర్జీ ఇవ్వండి. కన్నడంలో రాసిన కాగితం చదివించుకోకుండా సంతకం మాత్రం పెట్టకండి.

మైనర్‌ని పట్టుకున్న 24 గంటల్లో, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. అంతవరకూ లాకప్‌లో ఉంచకూడదు. బెయిల్ 12వ సెక్షన్ కింద, జామీను లేకుండా కూడా ఇవ్వొచ్చు. బయటికెళ్తే మళ్లీ పాత సావాసంలో పడతాడని బోర్డు అనుకుంటే మాత్రం ఆగిపోతుంది. అందుకే అక్కగారిని స్వయంగా రమ్మనండి, బెంగళూరు అడ్రస్ ప్రూఫ్‌తో.

16 దాటినవాళ్లని పెద్దవాళ్లలా విచారించే నిబంధన కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరాలకే. మామూలు దొంగతనానికి గరిష్ఠమే మూడేళ్లు, ఆ భయం అక్కర్లేదు. విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే ఇంకో రెండు నెలల్లో తేలకపోతే ఇలాంటి చిన్న కేసు అంతటితో ముగిసిపోతుంది. ఉచిత లాయరు కోసం 15100కి ఫోన్ చేయండి.