గుజ్జు మందం రెట్టింపైతే ఆరే కాలం ఎంత?

ప్రశ్న: మాది రావులపాలెం ప్రాంతం. చక్కెరకేళి అరటి గుజ్జును చిన్న ఫ్రీజ్ డ్రైయింగ్ యంత్రంలో (గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో మంచును నేరుగా ఆవిరి చేసే యంత్రం) ఆరబెడుతున్నాము. ట్రేలో 1 సెంటీమీటరు మందాన పోసిన గుజ్జులో మంచు 14 గంటల్లో పోతోంది గాని, 2 సెంటీమీటర్లు పోసి 28 గంటలు ఉంచినా అడుగున మంచు మిగులుతోంది. ట్రే కింద వేడినిచ్చే పలక, అంటే షెల్ఫ్, వేడి పెంచితే గుజ్జు కుంగి జిగురు ముద్ద అవుతోంది. పట్టే కాలాన్ని ముందుగా లెక్కకట్టే మార్గం ఉందా? — ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ఉంది. మీరు చూసినవి రెండూ ఒకే లెక్కలో ఇముడుతాయి.

ట్రేలో మంచు పైనుంచి కిందికి తరుగుతూ పోతుంది. అది కరగకుండా నేరుగా ఆవిరి కావడానికి, అంటే ఉత్పతనానికి, కిలోకు దాదాపు 2840 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడి షెల్ఫ్ నుంచి గడ్డకట్టిన పొర గుండా పైకి వస్తుంది. పుట్టిన ఆవిరి మాత్రం అప్పటికే ఆరిన పొరలోని సన్నని రంధ్రాల గుండా బయటపడాలి. మంచు బాష్పపీడనానికీ (మంచు నుంచి పుట్టే ఆవిరి ఒత్తిడికీ) యంత్రపు గదిలోని పీడనానికీ ఉన్న తేడాను ఆరిన పొర నిరోధంతో భాగిస్తే ఆవిరి ప్రవాహం వస్తుంది. దానిని పైన చెప్పిన ఉత్పతన వేడితో (గుప్తోష్ణంతో) గుణించినంత వేడి షెల్ఫ్ నుంచి అందాలి. ఈ రెండు సమీకరణాలూ సరిపోయే చోటే మంచు ఉష్ణోగ్రత కుదురుకుంటుంది.

ఆరిన పొర మందమయ్యేకొద్దీ నిరోధం పెరుగుతుంది కనుక చివరి మిల్లీమీటరుకు పట్టే కాలం మొదటి మిల్లీమీటరు కంటే చాలా ఎక్కువ. అందువల్ల మొత్తం కాలంలో ఒక భాగం మందాన్ని బట్టి, మరొక భాగం మందపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ యంత్రంలోనే, వేడినీ పీడనాన్నీ మార్చకుండా, అర సెంటీమీటరు పొరను కూడా ఆరబెట్టి చూడండి. అది 5 గంటల్లో ఆరిందనుకుందాం. అప్పుడు కాలం = 6 × మందం + 8 × మందపు వర్గం అని తేలుతుంది (మందం సెంటీమీటర్లలో, కాలం గంటల్లో). 1 సెంటీమీటరుకు 14 గంటలు సరిపోతుంది; 2 సెంటీమీటర్లకు 12 + 32, అంటే 44 గంటలు. 28 గంటలకు మంచు మిగలడంలో వింత లేదు. మీరు కొలిచే అంకెను బట్టి 6, 8 మారతాయి గాని పద్ధతి మారదు.

ఇక వేడి సంగతి. మంచు బాష్పపీడనం −30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 38 పాస్కల్, −20 వద్ద సుమారు 103. యంత్రపు గదిలో 20 పాస్కల్ ఉంటే తేడా 18 నుంచి 83కు, అంటే నాలుగున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. వేడి పెంచాలనిపించడం సహజమే. కాని చక్కెరలున్న పదార్థానికి ఒక హద్దు ఉంది: శుద్ధ సుక్రోజు ద్రావణం సుమారు −32 డిగ్రీల కంటే వెచ్చబడితే మెత్తబడి కుంగుతుంది, గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువైతే ఆ హద్దు ఇంకా కిందికి పోతుంది. గుజ్జులోని పీచు, పిండి పదార్థం కొంత ఆసరా ఇస్తాయి గాని, చక్కెరకేళి బాగా మాగేకొద్దీ పిండి చక్కెరగా మారి ఆ ఆసరా తగ్గిపోతుంది. కుంగిన చోట రంధ్రాలు మూసుకుపోతాయి కనుక మీరు పెంచిన వేడి ఆవిరికి దారిని తెరవకపోగా మూస్తుంది. మాల్టోడెక్స్ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి) కలిపితే హద్దు పైకి జరుగుతుంది. కాని నా అభిప్రాయంలో పొరను పలుచన చేయడమే మీకు మొదటి మార్గం, ఎందుకంటే అందులో రుచి మారదు.

మంచు అయిపోయిందో లేదో తెలుసుకోవడానికి ట్రే మధ్యలో అడుగుదాకా ఉష్ణోగ్రత కొలిచే తీగ ఒకటి ఉంచండి. మంచు ఉన్నంతసేపూ అది షెల్ఫ్ కంటే బాగా చల్లగా ఉంటుంది. మంచు పోగానే షెల్ఫ్ ఉష్ణోగ్రత వైపు ఎగబాకుతుంది. పైన చెప్పిన లెక్క అక్కడి వరకే. గడ్డకట్టకుండా చక్కెరలను అంటిపెట్టుకున్న తేమ ఇంకా మిగిలే ఉంటుంది. అది పోవడానికి వ్యాక్యూమ్‌లోనే, వేడిని మెల్లగా పెంచుతూ, వేరే సమయం ఇవ్వాలి.