పాత కారు ఐడిల్‌లో ఊగుతోంది: ఇన్‌టేక్ గ్యాస్కెట్ లీకా, కార్బురేటర్ తప్పా?

అనంతపురం నుంచి అడిగిన మిత్రుడి పాత కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న కారు సిగ్నల్ దగ్గర వణికి ఆగిపోతోందట, రోడ్డెక్కి యాక్సిలరేటర్ తొక్కితే బాగానే పోతోందట. ఈ తేడానే అసలు ఆధారం. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (గాలి-పెట్రోలు మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే గొట్టాలు) లోపల పీల్పు బలంగా ఉంటుంది. మేనిఫోల్డ్ ఇంజన్‌కు అతికే చోట సందు మూసే గ్యాస్కెట్ ఎక్కడైనా చిట్లితే ఆ సందులోంచి దొంగగాలి దూరి మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కి థ్రాటిల్ (గాలి దారిలోని మూత) తెరిస్తే పీల్పు తగ్గుతుంది, లీకూ తెలియదు.

కార్బురేటర్ విప్పకండి, తొందరపడి చాలామంది చేసే తప్పు అదే. ముందు మేనిఫోల్డ్‌కు తగిలించిన వాక్యూమ్ పైపులు చూడండి. మన ఎండలకు రబ్బరు పెళుసుబారి, వంచితే చివర్లో సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అవి బాగుంటే ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, మేనిఫోల్డ్ సిలిండర్ హెడ్‌కు (ఇంజన్ పైభాగానికి) అతికే చోట స్ప్రే సీసాతో నీళ్లు కొద్దికొద్దిగా కొట్టండి. ఇగ్నిషన్ వైర్లు తడవకూడదు. ఎక్కడ కొడితే ఇంజన్ శబ్దం మారుతుందో లీకు అక్కడే. వేడి ఎగ్జాస్ట్ పక్కన పెట్రోలు మాత్రం చల్లొద్దు, అంటుకుంటుంది.

బోల్టులు వదులైతే బిగిస్తే చాలు. లేదంటే కొత్త గ్యాస్కెట్ వేయాల్సిందే. ఇంజన్ పూర్తిగా చల్లారాక విప్పండి. మేనిఫోల్డ్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) దారి ఉంటే ముందు ఆ కూలెంట్‌ను దించండి. పాత ముక్కల్ని గీకేటప్పుడు అల్యూమినియం మీద గీత పడనివ్వకండి. మేనిఫోల్డ్ అతికే ముఖం మీద స్టీల్ స్కేలు నిలబెట్టి చూడండి, కింద వెలుతురు కనిపిస్తే మేనిఫోల్డ్ వంగినట్టే, లేత్ షాపులో చదును చేయించాలి. బోల్టులు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే (బిగింపు కొలిచే పానా) బిగించమని మెకానిక్‌కు గట్టిగా చెప్పండి.