క్విజ్ యాప్ తీసేస్తే సరిపోతుందా?

ప్రశ్న: 'పోయిన జన్మలో మీరెవరు' అని ఒక క్విజ్ వస్తే మూడేళ్ల కిందట ఫేస్‌బుక్‌తో లాగిన్ అయి ఆడాను. అలాంటి యాప్‌లు మన వివరాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తాయని మా మరిది అంటున్నాడు. ఒకటే టెన్షన్. ఇప్పుడు తీసేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: సరిపోదండీ, అయినా తీసెయ్యండి. మన ఇళ్లలో పెళ్లి పిలుపుల నోట్‌బుక్ ఒకటి ఉంటుంది కదా, టెక్కలిలో ఎవరు, పలాసలో ఎవరు, ఎవరింటికి ఎన్ని కార్డులు అని. కార్డుల మీద పేర్లు రాయమని దాన్ని ఎవరికో ఇస్తే సాయంత్రానికి తిరిగిచ్చేస్తారు, కానీ మధ్యాహ్నం జిరాక్స్ తీసుకున్నారో లేదో మీకెలా తెలుస్తుంది? పైగా అందులో ఇచ్ఛాపురం పిన్నిగారి నంబరూ ఉంటుంది, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

కేంబ్రిడ్జ్ అనలిటికా అనే బ్రిటన్ ఎన్నికల సలహా సంస్థ గొడవలో జరిగింది ఇదే. కోగన్ అనే పరిశోధకుడి క్విజ్ యాప్‌ని మన దేశంలో వేసుకున్నది 335 మందే, కానీ వాళ్ల ఫ్రెండ్స్‌తో కలిపి 5,62,455 మంది వివరాలు ఆ సంస్థకి చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది. అమ్మకూడదు, వేరేవాళ్లకి ఇవ్వకూడదు అనే ఫేస్‌బుక్ రూలు అప్పటికే ఉంది. ఫేస్‌బుక్ వాళ్లకి సంగతి 2015లోనే తెలిసింది, చెరిపేశాం అని కాగితం రాయించుకుని ఊరుకున్నారు. (కాగితం రాయించుకుంటే పనైపోయినట్టే అనుకోవడం మన ఆఫీసుల్లోనే కాదన్నమాట.)

మీకు కాస్త ఊరట ఏమిటంటే, ఫ్రెండ్స్ వివరాలు అలా గంపగుత్తగా లాగే దారి 2015లో మూసేశారు, కాబట్టి మీ క్విజ్‌కి వెళ్లింది చాలావరకు మీవే: పేరు, ఫొటో, ఈమెయిల్, ఆ రోజు మీరు సరే అన్నవి. అవి ఆ యాప్ వాళ్ల సొంత సర్వర్‌లో ఉంటాయి, ఫేస్‌బుక్‌లో మీరు తీసేసినా అక్కడివి వాటంతటవే పోవు.

ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో 'యాప్స్ అండ్ వెబ్‌సైట్స్' తెరవండి. తీసేసే ముందు ఆ యాప్ ప్రైవసీ పాలసీలో ఈమెయిల్ ఉంటే రాసిపెట్టుకుని, నా వివరాలు చెరిపెయ్యండి అని నాలుగు ముక్కలు పంపండి. అలా అడిగే హక్కు 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది, కాకపోతే నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన సెక్షన్లకి ఇంకో 18 నెలల గడువు పెట్టారు. అందాకా జవాబు వస్తే వచ్చినట్టు. మీ మరిదిగారి ఫోన్‌లో కూడా ఆ లిస్టు ఒకసారి తెరిపించండి, ఆయన ఎన్ని ఆడారో చూద్దాం.