ఆల్టర్నేటర్ పెట్టించాక పాత మాస్సీ సెల్ఫ్ వేడి మీద "టక్" అని ఆగిపోతోంది: మోటారు విప్పించాలా?

అడిగినది ఇది: 35 హెచ్.పి., మూడు సిలిండర్ల పాత మాస్సీ. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ వేయించారు. పొద్దున్నే సెల్ఫ్ బాగానే తీసుకుంటోంది. రెండు గంటలు దున్ని ఆపాక తాళం తిప్పితే "టక్" అని ఊరుకుంటోంది, నాలుగైదు సార్లు తిప్పితే ఒకసారి తిరుగుతోంది. బ్యాటరీ కొత్తది, సోలెనాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) మోటారు మీదే ఉంది. సెల్ఫ్ విప్పి వైండింగ్ చేయించమంటున్నారు.

ఇప్పుడే విప్పించకండి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా తిప్పే మోటారులో వైండింగ్ పోయి ఉండటం అరుదు. మార్పిడి చేసిన బండ్లలో ఈ లక్షణం కనబడితే చాలాసార్లు తప్పు వైరింగులోనే దొరుకుతుంది.

సోలెనాయిడ్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి పినియన్‌ని (ఇంజిన్ చక్రాన్ని తిప్పే సెల్ఫ్ చిన్న గేరుని) లాగేది, రెండోది లాగినదాన్ని పట్టి ఉంచేది. లాగే చుట్టు ఆ క్షణంలో 30–40 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కరెంటు వచ్చే దారి చూడండి: బ్యాటరీ నుంచి అమ్మీటరు, అక్కడి నుంచి కీ స్విచ్, తర్వాత న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ (గేరులో ఉంటే సెల్ఫ్ తీసుకోనివ్వనిది), ఆపైన సోలెనాయిడ్ చిన్న టెర్మినల్. 2.5 చదరపు మి.మీ. రాగి తీగకి మీటరుకి సుమారు 7 మిల్లీ ఓమ్‌లు. నాలుగు మీటర్లు తిరిగొచ్చేసరికి 35 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు తీగలోనే పోతుంది. నల్లబడిన కీ కాంటాక్టులు కొంత, ఆల్టర్నేటర్ వేసినప్పుడు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు ఇంకొంత మింగేస్తాయి. పైగా రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. 60 డిగ్రీలు పెరిగితే దాదాపు నాలుగో వంతు ఎక్కువవుతుంది. పొద్దున అత్తెసరు వోల్టేజితోనే పని కానిచ్చిన సోలెనాయిడ్, ఇంజిన్ వేడికి పినియన్‌ని కొంచెం జరిపి, లోపలి పెద్ద కాంటాక్టు మూసే బలం లేక ఆగిపోతుంది. మీరు వినే "టక్" అదే.

దీన్ని ఊహతో కాదు, మల్టీమీటరుతో తేల్చాలి. 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, ఇంజిన్ అందుకోకుండా స్టాపర్ లాగి ఉంచండి. ఒకరు తాళం తిప్పాలి, ఒకరు మీటరు చూడాలి. ఒక్కోసారి అయిదు సెకన్లకి మించొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి. ముఖ్యంగా, కొలత కరెంటు పారుతున్నప్పుడే తీయాలి. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.6 చూపిస్తుంది. "వోల్టేజి వస్తోంది కదా" అని చాలామంది మోసపోయేది ఇక్కడే.

మొదట బ్యాటరీ సీసం కొమ్ముల మీదే పిన్నులు పెట్టండి, క్లాంపుల మీద కాదు. ఖాళీగా 12.6, సెల్ఫ్ తిరుగుతుండగా 9.6కి తగ్గకూడదు. తర్వాత ప్లస్ కొమ్ము నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టుకి (బ్యాటరీ కేబులు వచ్చేదానికి): తిరుగుతున్నప్పుడు అర వోల్టు దాటకూడదు. మైనస్ కొమ్ము నుంచి సెల్ఫ్ బాడీకి: 0.2, మహా అయితే 0.3. సోలెనాయిడ్ రెండు పెద్ద బోల్టుల మధ్య: తాళం తిప్పకముందు పూర్తి 12, తిరుగుతున్నప్పుడు 0.3 లోపు. చివరిది మీకు అసలైనది: చిన్న టెర్మినల్ నుంచి సెల్ఫ్ బాడీకి, "టక్" అన్న క్షణంలో. అక్కడ 10 దాటి ఉండాలి. 8, 9 చూపిస్తే దొంగ దొరికినట్టే.

చిన్న టెర్మినల్‌కి 11 వస్తున్నా, "టక్" అన్నాక రెండు పెద్ద బోల్టుల మధ్య ఇంకా 12 ఉంటే లోపలి రాగి కాంటాక్టు కాలిపోయినట్టు. సోలెనాయిడ్ ఒక్కటే మారిస్తే చాలు. ఆ బోల్టుల మధ్య సున్నా, బ్యాటరీ మాత్రం 12 దగ్గరే కదలకుండా ఉంటే మోటారులో కరెంటు పారడంలేదు: బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయి లేదా ఇరుక్కున్నాయి. బ్యాటరీయే 9 కిందికి పడిపోయి హెడ్‌లైటు ఆరిపోతుంటే బ్యాటరీ బలహీనం, లేదా బుష్‌లు అరిగి ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) లోపల రాసుకుంటోంది. మోటారు విప్పడం అప్పుడు. టకటకటక అని ఆగకుండా కొట్టుకుంటే ముందు బ్యాటరీని, టెర్మినళ్లని చూడండి, ఆ తర్వాతే పట్టి ఉంచే చుట్టు తెగిందేమోనని అనుమానించండి.

ఇక ఎర్త్, అంటే బ్యాటరీ ఒక కొమ్ముని బండి ఇనుప బాడీకి కలపడం. ఇంగ్లండ్ తయారీ పాత ట్రాక్టర్లు చాలావాటికి ప్లస్సే ఎర్త్‌గా ఉండేది. ఆల్టర్నేటర్‌కి మైనస్ ఎర్త్ కావాలి కాబట్టి మార్పిడిలో బ్యాటరీని తిప్పేస్తారు. సెల్ఫ్ మోటారు శాశ్వత అయస్కాంతాలతో కాక ఫీల్డ్ చుట్లతో (తీగ చుట్ల అయస్కాంతాలతో) నడిచేది గనక తిరిగే దిశ మారదు, దాంతో బాధ లేదు. బాధ క్లాంపులతో వస్తుంది. బ్యాటరీ ప్లస్ కొమ్ము మైనస్ కొమ్ము కంటే కాస్త లావు. పాత ప్లస్ క్లాంపు ఇప్పుడు మైనస్ కొమ్ము మీద వదులు. ఎవరో ఒకరు రేకు ముక్కో, సిగరెట్ పెట్టె వెండి కాగితమో కుక్కి బిగిస్తారు. చేతికి గట్టిగానే తగులుతుంది, 250 ఆంపియర్లు అడిగేసరికి చేతులెత్తేస్తుంది. క్లాంపు మార్చండి, ఖరీదు ఏమంత ఉండదు.

ఎర్త్ కేబులు రెండో కొసని బ్యాటరీ ట్రేకి బిగించి ఉంటే తీసేసి గేర్‌బాక్సు బోల్టుకో, ఇంకా మంచిది సెల్ఫ్ బిగించే బోల్టుకో మార్చండి. ట్రాక్టరులో ఇంజిను, గేర్‌బాక్సు కలిసి ఒకే ఇనుప ముద్ద, మధ్యలో రబ్బరు మౌంట్లు ఉండవు. ఎక్కడ బిగించినా పనిచేయాలి, కింద పెయింటు లేకపోతే. బండికి కొత్తగా రంగు వేయించి ఉంటే సెల్ఫ్ కూర్చునే ముఖం మీది రంగు కూడా గరుకు కాగితంతో గీకాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబులో స్టాపర్ కేబులో వేడెక్కి పొగ వస్తే ఎర్త్ లేక కరెంటు దాని గుండా పోతోందని అర్థం.

కేబులు 50 చదరపు మి.మీ. రాగిదైతే మంచిది, 35 కి తగ్గకూడదు. వెల్డింగ్ కేబుల్ వాడేవాళ్లు ఒక పోగు చాకుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా కనబడితే రాగి పూత వేసిన అల్యూమినియం.

మీ కొలత నేను అనుకున్నట్టే వస్తే మందు రిలే. నాలుగు కాళ్ల 12 వోల్టుల 40 ఆంపియర్ల రిలే ఒకటి సెల్ఫ్ దగ్గర, నీళ్లు పడని చోట, కాళ్లు కిందికి ఉండేలా బిగించండి. 30వ కాలుకి సెల్ఫ్ పెద్ద బోల్టు (బ్యాటరీ వైపుది) నుంచి 40 ఆంపియర్ల ఫ్యూజుతో 4 చదరపు మి.మీ. తీగ. 87 నుంచి అదే తీగ సోలెనాయిడ్ చిన్న టెర్మినల్‌కి. ఇంతకుముందు ఆ టెర్మినల్‌కి వచ్చిన పాత తీగని 86కి, 85ని ఎర్త్‌కి. ఇక కీ మీదుగా పారేది ఆంపియరులో చిన్న ముక్క. న్యూట్రల్ స్విచ్ ఆ పాత తీగలోనే ఉంటుంది, దాన్ని దాటేసి కలపొద్దు.

ఈ మాట ఎందుకంటే, కిందే నిలబడి స్క్రూడ్రైవర్‌తో సోలెనాయిడ్ బోల్టులు కలిపేసే అలవాటు మన ఊళ్లలో ఎక్కువ. గేరులో ఉంటే డీజిల్ ఇంజిను అందుకున్న మరుక్షణం పెద్ద చక్రం మనిషి మీదికే వస్తుంది. పరీక్షకి కూడా అలా చేయొద్దు.

పనిలో పనిగా ఆల్టర్నేటర్ తీగ ఎక్కడ కలిపారో చూడండి. పాత డైనమో కటౌట్ పెట్టె (డైనమో ఛార్జింగుని అదుపు చేసేది) గుండా, 30 ఆంపియర్ల అమ్మీటరు గుండా వస్తుంటే ఆ దారి తీసేసి, బీ ప్లస్ (ఆల్టర్నేటర్ కరెంటు బయటికొచ్చే టెర్మినల్) నుంచి నేరుగా సెల్ఫ్ పెద్ద బోల్టుకి 10 చదరపు మి.మీ. తీగ వేయండి. అమ్మీటరు బదులు వోల్టు మీటరు పెట్టుకోండి. ఛార్జింగు మధ్యస్థ వేగంలో 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. వీటిలో ఏది ముట్టుకునే ముందైనా బ్యాటరీ మైనస్ విప్పండి. తిరిగి పెట్టేటప్పుడు ప్లస్ మైనస్ తారుమారైతే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు ఆ క్షణమే పోతాయి.

పైన చెప్పిన అయిదు కొలతలు పొద్దున ఒకసారి, బండి వేడి మీద ఒకసారి తీసి ఇక్కడ రాయండి. చిన్న టెర్మినల్ దగ్గర వేడిలో కూడా 10.5 వస్తూ, "టక్" అన్నాక పెద్ద బోల్టుల మధ్య ఇంకా 12 ఉంటే రిలే కొనకండి, సోలెనాయిడ్ కొనండి.